కుడి వాణి, ఎడమ వాణి

ఆ జిల్లాలో చక్రాల కుర్చీ కావాలంటే ముందు లేచి నిలబడాలి. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు, నిబంధన. కుర్చీల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయి గనక పిల్లల ఎత్తు తెలియాలి. ఎత్తు తెలియాలంటే కొలవాలి. కొలవాలంటే పిల్ల చెప్పులు విడిచి, మడమలూ పిరుదులూ వీపూ తలా నాలుగూ గోడకు తగిలేలా నిటారుగా నిలబడాలి. నిబంధన రాసినాయన ఎవరోగాని చాలా శ్రద్ధగా రాశాడు. అలా నిలబడగలిగిన పిల్లకు కుర్చీ ఎందుకన్న చిన్న సంగతి మాత్రం ఆయన శ్రద్ధకు అందలేదు.

నూకరత్నానికి ఈ నిబంధన సంగతి కూతుర్ని ఎత్తుకుని దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసు మెట్లన్నీ ఎక్కాక తెలిసింది. ఆ ఆఫీసు మేడ మీద ఉంటుంది. కింద ఉంటే వరదలొచ్చినప్పుడు ఫైళ్లు తడుస్తాయట.

నూకరత్నం మొక్కల నర్సరీలో కూలి. మొగుడు లారీ మీద వెళ్తే వారాల తరబడి ఇంటికి రాడు. ఒక్కగానొక్క కూతురు సత్యవాణికి పదేళ్లు దాటాయి. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు కాళ్లు బిగుసుకుని ఉంటాయి. ఎడమచెయ్యి కూడా బలహీనం, కుడిచెయ్యంత పెరగలేదు. ఆ లోటంతా నోరు తీర్చింది. ఊళ్లో బడికి అయిదో తరగతి దాకా తల్లి చంకనేసుకుని మోసింది. హైస్కూలు కాలవ అవతల ఉంది. ఈలోగా పిల్ల బరువెక్కింది, కుండీలు మోసీ పిల్లను మోసీ తల్లి నడుం పడిపోయింది, ఎవరో ఇస్తే ఇంట్లో వాడుకునే పాత చక్రాల కుర్చీలో పిల్ల పట్టడం మానేసింది. బళ్లు తెరిచేలోగా కొత్త కుర్చీ రాకపోతే వాణి చదువు అయిదో తరగతితో ఆఖరు. నూకరత్నం ప్రభుత్వాన్ని జన్మలో అడిగింది అదొక్కటే.

సీనియర్ అసిస్టెంటు జగ్గారావు గోడ మీద గీసిన స్కేలు చూపించి, "నిలబెట్టమ్మా" అన్నాడు.

"నించోదండి. నించుంటే ఇక్కడికెందుకొత్తానండి?"

"అది నాకు తెలుసు. గోడకు తెలియదు కదా."

"కూకునే కుర్చీకి నిలువెత్తు దేనికండి? కూకోబెట్టి కొలిసేసుకోండి."

జగ్గారావు చెడ్డవాడేం కాదు. ఆ ప్రశ్న ఆయనకు కొంచెం నచ్చింది కూడా. "కూర్చున్న ఎత్తుకి కాలమ్ లేదమ్మా" అన్నాడు విచారంగా.

చివరికి అటెండరు కాళ్లు పట్టుకున్నాడు, నూకరత్నం చంకల కింద చేతులేసి ఎత్తింది, జగ్గారావు తల పట్టుకుని గోడకు ఆనించాడు. మడమలు తగిలితే వీపు తగల్లేదు, వీపు తగిలితే తల తగల్లేదు. అన్నీ తగిలిన ఒక్క క్షణంలో పాదాలు నేలను వదిలేసి జానెడు పైన ఉన్నాయి. జగ్గారావు చటుక్కున కొలత చదివేశాడు.

"కింద గాలుంది సార్" అంది వాణి. "అది తీసెయ్యండి."

"కొలిచింది కొలిచినట్టే రాయాలి పాపా. తీసెయ్యడానికి మనకి పవర్స్ లేవు."

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. బాలిక గోడకు ఆనుకుని నిలబడినట్లు రికార్డులలో నమోదైనందున చక్రాల కుర్చీకి అనర్హురాలని, ఆమె సాధించిన పురోగతికి శాఖ తరఫున హార్దిక అభినందనలని అందులో ఉంది.

వాణి అది చదివి, "నేనెప్పుడు నించున్నానే?" అంది.

"ఆఫీసులో అంటమ్మా" అంది నూకరత్నం. ఏడవాలో నవ్వాలో తేలక అన్నం వండుకోడానికి లేచింది.

మర్నాడు పని మానుకుని మళ్లీ ఆఫీసుకి వెళ్లింది. వరండాలో బెంచీ మీద మరో తల్లి అదే అభినందన పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పేరు కరుణ. ఒళ్లో కూతురు సుహాసిని. వాణి ఈడుదే గాని పీలపిల్ల. కాళ్లతో పాటు రెండు చేతులూ మోచేతుల దగ్గర మడుచుకుని గుండెకు అంటుకుపోయి ఉన్నాయి. మాట కూడా ఒక్కొక్కటీ కూడదీసుకుని పలుకుతుంది. సుహాసిని ఒక మాట అనేలోగా వాణి పది మాటలు అంటుంది గనక ఇద్దరికీ వెంటనే స్నేహం కుదిరింది. తల్లులకు అంతకన్నా ముందే కుదిరింది. పిల్లలను మోసే నడుములు ఒకదాన్నొకటి ఇట్టే గుర్తుపడతాయి.

వాళ్ల అదృష్టం, అదే వారంలో ఉపసంచాలకులు సోమసుందరం గారు రాజధానిలో శిక్షణా శిబిరం ముగించుకుని వచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ముంజేతి భక్తుడై వచ్చారు. నిలబడలేని పిల్లల ఎత్తును మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే ఎముక పొడవును బట్టి అంచనా కట్టవచ్చునని అక్కడ డాక్టర్లు చెప్పారట. ఆ డాక్టర్లు ఇది కేవలం అంచనా అనీ, అటూ ఇటూ అవుతుందనీ, పిల్లను బట్టి పద్ధతి మార్చుకోవాలనీ కూడా చెప్పారు. ఆ భాగం మధ్యాహ్న భోజనం తర్వాత వచ్చింది. సోమసుందరం గారికి భోజనం తర్వాత విన్నవి నిలవవు.

"ఇకపై ఈ జిల్లాలో ఎత్తు లేని బాలుడు గాని బాలిక గాని ఉండరాదు" అని ఆయన సిబ్బంది సమావేశంలో ప్రకటించారు. "మానవీయ కోణంలో, శాస్త్రీయ దృక్పథంతో, ముంజేతి మాసోత్సవాలను సమగ్రంగా నిర్వహించుకుందాం. మన ఎత్తు మన చేతుల్లోనే ఉంది."

ఆ చివరి వాక్యం పోస్టర్లుగా వేసి ఊరంతా అంటించారు. ఆఫీసుకు ఎవరొచ్చినా సోమసుందరం గారు కరచాలనం చేస్తూ మోచేయి దాకా తడిమి, ఎత్తు చెప్పి పంపేవారు. తన చెయ్యి తానే కొలుచుకుంటే లెక్క ప్రకారం ఆయన అద్దంలో కనిపించేదానికంటే బెత్తెడు పొడుగని తేలింది. అప్పటి నుంచి గుమ్మం దాటేటప్పుడు తల వంచడం మొదలుపెట్టారు. ఆయనతో నడిచేటప్పుడు సిబ్బంది కూడా తలెత్తి మాట్లాడసాగారు. కొందరికి మెడనొప్పులు వచ్చాయి.

ఇది ఇక్కడితో ఆగలేదు. కొలిచిన పిల్లల ఎత్తులన్నీ కలిపి జిల్లా ఎత్తు అని ఒకటి లెక్క వేయించారు. సాయంత్రం అయ్యేసరికి జిల్లా ఎంత పెరిగిందో బోర్డు మీద రాసేవారు. రాష్ట్రంలో మన జిల్లా రెండో స్థానంలో ఉందని, పక్క జిల్లా కంటే కాస్తలో పొట్టిగా ఉన్నామని, మరో రెండు ముంజేతులు దొరికితే దాటేస్తామని ఆయనకు నిద్ర పట్టేది కాదు.

అలాంటి రోజుల్లో నూకరత్నం వాణిని ఎత్తుకుని మళ్లీ మెట్లెక్కింది. జగ్గారావు వాణి కుడిచెయ్యి కొలిచాడు. కంప్యూటరు నూట ముప్ఫై నాలుగు సెంటీమీటర్లని చెప్పింది. ఎడమచెయ్యి కొలిచాడు. నూట పదిహేడని చెప్పింది. జగ్గారావు తల గోక్కున్నాడు.

"కుడిది రాసేసుకోండి" అంది నూకరత్నం. "ఎడంది ముందునించీ ఎదగలేదండి."

సోమసుందరం గారు తన గదిలోంచి ఆ మాట విని, గుమ్మం దగ్గర తల వంచి బయటికి వచ్చారు. "ఎడమచేతిని విస్మరించడం వివక్ష అవుతుందమ్మా. బలహీనమైన అవయవానికి అండగా నిలవడమే ఈ శాఖ స్ఫూర్తి."

"పోనీ రెండూ కలిపి సగం చేస్తే?" అని జగ్గారావు నసిగాడు.

"సగటు ఎత్తు గల బాలిక భౌతికంగా లేదు. లేని బాలికకు కుర్చీ ఎలా మంజూరు చేస్తాం జగ్గారావు గారూ? రేపు ఆడిట్‌లో ఏం చెబుతాం? రెండు చేతులకూ రెండు ఎత్తులు వచ్చాయి. రెండూ నమోదు చేయండి."

కంప్యూటరు ఒక పిల్లకు ఒక ఎత్తే తీసుకుంటుంది. రెండోది కొడితే ఎర్రగా మెరిసి గీపెట్టింది. జగ్గారావు ప్రభుత్వోద్యోగి, గట్టెక్కే దారి తెలిసినవాడు. సత్యవాణి (కుడి) అని ఒక పిల్లను, సత్యవాణి (ఎడమ) అని ఇంకో పిల్లను నమోదు చేశాడు. కంప్యూటరు శాంతించింది. బోర్డు మీద జిల్లా పక్క జిల్లాను దాటింది. సోమసుందరం గారు అందరికీ టీ చెప్పారు.

వాళ్ల వెనకే మెట్లెక్కి వచ్చిన కరుణ కూతురి దగ్గర ఆ ఉత్సాహం కాస్త తగ్గింది. సుహాసిని చేతులు మడత విప్పవు. స్కేలు పెట్టడానికి సందు లేదు. గట్టిగా లాగబోతే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, కరుణ చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేయి అందుబాటులో లేదు గనక గడిలో సున్నా పడింది. ఎత్తు సున్నా.

"మోకాలి కాడినించి మడం దాకా కొలవొచ్చంట కదండీ" అంది కరుణ మెల్లగా. "పెద్దాసుపత్రిలో డాక్టరు గారు అలాగే కొలిసి రాసిచ్చారండి."

"ఉండవచ్చు. కాని మనవి ముంజేతి మాసోత్సవాలు. మోకాలికి ప్రత్యేక నిధులు రావలసి ఉంది" అన్నారు సోమసుందరం గారు. "కుర్చీలు తొంభై సెంటీమీటర్ల నుంచి మొదలవుతాయి. మీ అమ్మాయి ప్రస్తుతానికి అంత ఎదగలేదు."

"మరి నా ఒళ్లో ఇదేంటండి?"

"రికార్డు ప్రకారం ఏమీ లేదమ్మా."

కరుణ ఒళ్లోకి చూసుకుంది. సుహాసిని ఆయన మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు వైపు ఆసక్తిగా చూస్తోంది. నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు అనేద్దామనుకుంది గాని తన పిల్ల కుర్చీ ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉందని గుర్తొచ్చి పళ్లు బిగపట్టుకుంది. అలా బిగపట్టుకున్నందుకు ఇంటికెళ్లే దారంతా తనను తాను తిట్టుకుంది.

రెండు కుర్చీలు మంజూరయ్యాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అవి గోదాములోంచి బయటికి రాకముందే రాజధాని నుంచి కబురొచ్చింది. ఒకే ఆధార్ నంబరు, ఒకే తల్లి, ఒకే పుట్టినరోజు ఉన్న ఇద్దరు పిల్లలు కంప్యూటరు కంట పడ్డారు. విచారణ మొదలైంది. జగ్గారావు నూకరత్నానికి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, శుక్రవారం తనిఖీకి పెద్దావిడ వస్తున్నారు. పిల్లలిద్దర్నీ తీసుకురా."

"ఇద్దరెవరండి?"

"కుడి, ఎడమ."

"ఉంది ఒక్కత్తే కదండి. మీరే కదండి కొలిసింది. రెండోది కొట్టేయండి బాబూ, మీకు పుణ్యముంటది."

"నేనూ అదే అన్నానమ్మా. ఒకసారి జిల్లా ఎత్తులో కలిశాక తీసేస్తే జిల్లా పొట్టిదవుతుందంటున్నారు సారు. మొన్ననే దీనికి అవార్డు కూడా ప్రకటించారు." జగ్గారావు గొంతు తగ్గించాడు. "ఒక్కత్తే వస్తే ఒక కుర్చీ అయినా దక్కుతుందనుకోకు. ఒకటి బోగస్ అని తేలితే రెండూ రద్దు. కేసు కూడా పెట్టొచ్చు. మా ఇంట్లోనూ ఆడపిల్ల ఉంది, అందుకని చెబుతున్నా."

నూకరత్నం ఫోన్ పెట్టేసి గుమ్మంలో కూలబడింది. బళ్లు తెరవడానికి ఇంకా ఎంతో గడువు లేదు. లేని పిల్లను ఎక్కడి నుంచి తేవాలి?

వాణి మాత్రం అంతా విని, తాపీగా, "సుహాసిని ఉంది కదే" అంది. "నేను కుడి, అది ఎడమ. దానికి పొడవు లేదన్నారు, నాకు ఎక్కువైపోయింది. నాది దానికిచ్చేత్తే సరి."

నూకరత్నం తిట్టబోయి ఆగింది. ఆ సాయంత్రమే కరుణ వాళ్ల ఊరు వెళ్లి, భయం భయంగా సంగతి చెప్పింది. కరుణ సుహాసిని జడ విప్పి మళ్లీ అల్లింది.

"అంటే ఆ పూటకి దానికి నేను అమ్మను కాదన్నమాట" అంది.

"నీకిష్టం లేకపోతే వద్దు చెల్లీ."

"కుర్చీ వత్తాదా అక్కా?"

"చిన్న కుర్చీ వత్తాది. దానికి సరిగ్గా సరిపోద్ది."

"అయితే పద" అంది కరుణ.

శుక్రవారం తనిఖీ అధికారిణి హైమవతి గారు పెద్ద కళ్లజోడుతో వచ్చి కూర్చున్నారు. ఒకపక్క సోమసుందరం గారు, ఇంకోపక్క చెమటలు కక్కుతూ జగ్గారావు. సుహాసినిని చూడగానే ఆ ఎత్తు సున్నా పిల్లేనని జగ్గారావు గుర్తుపట్టాడు. కిటికీ వైపు తిరిగి, బయట ఏదో పిట్టను చూస్తున్నట్టు నిలబడిపోయాడు. సోమసుందరం గారు మాత్రం గుర్తుపట్టలేదు. ఆయన పిల్లలను అంకెలతోనే ఎరుగుదురు. సున్నా ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ పరిశీలించలేదు.

బెంచీ మీద వాణి, సుహాసిని. వాళ్ల పక్కన నూకరత్నం. గుమ్మం దగ్గర కరుణ.

హైమవతి గారు వేలు చాపి లెక్కపెట్టారు. "ఒకటి. రెండు. సరిపోయింది."

"కొలతలు కూడా పరిశీలిస్తారా మేడం?" అన్నారు సోమసుందరం గారు ఆశగా, స్కేలు తీస్తూ.

"కొలతలు సాంకేతిక అంశం. అది మీ పరిధి. నా పరిధి తలలు." ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "కవలలకు ఒకే ఆధార్ నంబరు ఎలా వచ్చింది?"

"అది వేరే శాఖ మేడం."

"అవును, వేరే శాఖే" అని ఆవిడ ఒప్పుకుని రాసుకున్నారు. "అయితే పోలికలు లేవేమిటి?"

జగ్గారావుకు పిట్ట కనిపించడం మానేసింది. సోమసుందరం గారు గంభీరంగా లేచారు. "మేడం, పోలిక అన్నది అభిప్రాయం. ఎత్తు అన్నది శాస్త్రం. ఈ శాఖ అభిప్రాయాల మీద నడవదు."

హైమవతి గారు అదీ రాసుకున్నారు. తర్వాత వాణి వైపు తిరిగి, "నీ పేరేమ్మా?" అన్నారు.

"సత్యవాణి కుడి అండి."

"నీ పేరు?"

సుహాసిని నోరు తెరిచింది. మాట పెదవుల దాకా రావడానికి టైము పడుతుంది. "అది ఎడమండి" అంది వాణి అందుకుని. "నేను ఎక్కువ మాట్లాడతానని అది మానేసింది."

హైమవతి గారు మొదటిసారి కాస్త నవ్వారు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే నూకరత్నాన్ని చూసి, "ఇద్దరూ నీ పిల్లలేనా?" అని అడిగారు.

దారంతా నూకరత్నం ఈ ప్రశ్న రాకూడదని మొక్కుకుంటూనే వచ్చింది. ఆమెకు అబద్ధం ఆడటం రాదు. నర్సరీలో పురుగు పట్టిన మొక్కను మంచిదని చెప్పలేక యజమాని చేత తిట్లు తింటుంది. ఇప్పుడు పక్కకు చూసింది. సుహాసిని బెంచీ మీద నుంచి జారిపోకుండా తన చెయ్యే ఆ పిల్ల నడుం చుట్టూ ఉంది. ఎప్పుడు వేసిందో ఆమెకే తెలియదు.

"నా పిల్లలేనండి" అంది.

ఆడినది అబద్ధమని ఆమెకు అనిపించలేదు.

"మరి ఆ గుమ్మం దగ్గర ఆవిడ?"

కరుణ చీర చెంగు రెండు చేతులతో పట్టుకుని, "నేనెవర్నీ కాదండి" అంది. "సాయానికొచ్చాను."

"సంబంధం లేనివాళ్లు తనిఖీలో ఉండకూడదు. బయట ఉండు."

కరుణ తలూపి మెట్లు దిగి వెళ్లిపోయింది. సుహాసిని మెడ తిప్పి గుమ్మం వైపు చూస్తూనే ఉంది. అమ్మా అని పిలవకూడదని ఇంట్లో చెప్పే తీసుకొచ్చారు. నూకరత్నం ఆ పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తనిఖీ ముగిసింది. పిల్లలిద్దరూ వాస్తవమేనని తేలింది. గోదాములోంచి రెండు కుర్చీలూ తెచ్చారు. పెద్ద దాంట్లో వాణి, చిన్న దాంట్లో సుహాసిని సరిగ్గా కుదిరారు. సోమసుందరం గారు ఇద్దరి మధ్యా నిలబడి ఫొటో దిగారు, ఫొటోలో తల తెగిపోతుందేమోనని కాస్త వంగి. ముంజేతి లెక్క ఎంత కచ్చితమో చూశారా అని హైమవతి గారితో అన్నారు. ఆవిడ చూశానన్నారు. జగ్గారావు ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి, అటెండరుతో కలిసి సుహాసిని కుర్చీని తనే పట్టుకుని మెట్లన్నీ దింపాడు. కింద పెట్టాక ఆ పిల్ల తల నిమిరి, నూకరత్నం ముఖం చూడకుండా పైకి వెళ్లిపోయాడు.

రికార్డుల్లో సుహాసిని ఎత్తు ఇప్పటికీ సున్నాయే. అలాంటి పిల్లలు జిల్లాలో ఒక్కరే మిగిలారని, ఆ ఒక్కరినీ త్వరలో నిర్మూలిస్తామని సోమసుందరం గారు అవార్డు సభలో చెప్పారు. నిర్మూలించేది సమస్యనే లెండి.

ఆ శుక్రవారం గేటు దాకా నూకరత్నం రెండు కుర్చీలనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా తోసుకుంటూ వచ్చింది. పైన కిటికీలోంచి ఎవరైనా చూస్తే అనుమానం వస్తుందని కరుణ దగ్గరికి రాలేదు. గేటు బయట కొబ్బరిబోండాల బండి చాటున నిలబడి, తన పిల్లను ఇంకొకరు తోసుకుని రావడం చూస్తూ ఉండిపోయింది. గేటు దాటాక, గోడ మలుపు కూడా తిరిగాక, వచ్చి కుర్చీ పిడులు పట్టుకుంది.

"ఇంక నేను తోత్తాను అక్కా" అంది.

నాలుగడుగులు వెళ్లారు. సుహాసినికి ఇంతకాలం తల్లి ముఖం తన ముఖానికి పక్కనే ఉండేది. ఇప్పుడు ఎదురుగా రోడ్డు తప్ప ఏమీ కనిపించడం లేదు. మెడ అంత వెనక్కి తిరగదు. మాట కూడదీసుకుంది.

"అమ్మా... ఉన్నావా?"

"ఉన్నానమ్మా" అంది కరుణ. "వెనకే ఉన్నాను."